నాన్న ఇంజను ఎటు తిరిగేది?

"వచ్చే నెల నుంచి ఈ గది నాకు కావాలి. రెండు కుట్టు మిషన్లు వేసుకుంటాను," అంది మనవాడి భార్య, టేపు పట్టుకుని గోడ కొలుస్తూ.

మనవాడు కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. "వేసుకుంటే వేసుకో. మరి ఇదో?"

ఇది అంటే గది మధ్యలో గోనెపట్టా కప్పుకుని కూర్చున్న డీజిల్ ఇంజను. ఒకే సిలిండరు, చెరోపక్కా నడుమెత్తు చక్రాలు. బరువు సంగతి అడగొద్దు, దాన్ని ఇంట్లోకి దింపిన రోజు మోసినవాళ్ళు తిట్టిన తిట్లు వీధిలో పిల్లలు ఇంకా మర్చిపోలేదు. మనవాడి నాన్న జీవితాంతం దీంతోనే పిండి మర నడిపాడు. ఆయన పోయాక కొట్టు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. మిగతా సామాను అమ్మేసి, ఇంజను మాత్రం మనవాడు ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చిన రోజే "వచ్చే వారం విప్పి బాగుచేసేస్తా" అని ప్రకటించాడు. ఏళ్ళు గడిచాయి గానీ ఆ వారం రాలేదు.

"పాత ఇనుమాయనతో మాట్లాడాను. బండి పంపిస్తానన్నాడు," అంది ఆవిడ, ఈసారి కిటికీ కొలుస్తూ.

మనవాడు గబుక్కున లోపలికొచ్చాడు. "ఇనుముకా? మా నాన్న ఇంజన్ని ఇనుముకా?"

"తిరిగితే ఇంజను. తిరక్కపోతే ఇనుమే కదండీ."

"తిరుగుతుంది. నేను తిప్పుతాను."

"ఎప్పటికి?"

"నెలాఖరుకి. తిరక్కపోతే ఆ బండి నేనే తోస్తాను, సరేనా? తిరిగిందా, గది ఇంజనుది. నీ మిషన్లు వరండాలో."

ఆవిడ టేపు చుట్టుకుంటూ "సరే" అంది. ఇంత తేలిగ్గా సరే అందేమిటి అని మనవాడికి అనుమానం రావాలి. రాలేదు. రావాల్సిన వేళకి అనుమానం రాకపోవడం మనవాడికి చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

పైగా తనే పెద్ద తెలివి చూపించానని లోలోపల మురిసిపోయాడు. "తిరిగితే" అన్నాడే గానీ ఎంతసేపు తిరగాలో చెప్పలేదుగా. నాలుగు చప్పుళ్ళు చేసి ఆగిపోయినా తిరిగినట్టే లెక్క.

మనవాడి ఉద్యోగం నీటిపన్ను ఆఫీసులో. పొద్దున్నించి సాయంత్రం దాకా కాగితాల మీద ముద్రలు కొట్టడం. ఆ చేత్తో ఏనాడూ స్పానరు పట్టినవాడు కాడు. పట్టనివ్వలేదు కూడా. "నువ్వు చదువుకో. చూడాలనుంటే ఆ వెనక తలుపు దగ్గర నిలబడి చూడు, ముట్టుకున్నావో వీపు చీరేస్తా" అనేవాడు నాన్న. మనవాడు అలాగే ఆ తలుపు పట్టుకుని బాల్యమంతా నిలబడ్డాడు. ఎండాకాలం సెలవుల్లో ఆ ధడ్ ధడ్ వింటూ గోనెసంచుల మీద నిద్రపోయేవాడు. చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. నాన్న పోయాక ఆ చప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి వినాలని ఎంత బెంగో. అది ఎవరికీ చెప్పుకోలేదు. ఇంజను కోసం బెంగపెట్టుకున్నాడంటే ఆఫీసులో నవ్వుతారు.

మర్నాడే పని మొదలైంది. పని అంటే, ఇంజను గదిలోంచి ఇల్లంతా పాకడం. సిలిండరు మూత మంచమెక్కింది. రింగులు రొట్టె డబ్బాలోకి దూరాయి. బోల్టులు గుడ్ల అట్టలో వరసగా కూర్చున్నాయి.

"నా పెద్ద గిన్నె ఏదండీ?"

"పిస్టను స్నానం చేస్తోంది."

"కిరసనాయిల్లోనా? నా గిన్నెలోనా?"

"మరి వేణ్ణీళ్ళలో చేయిస్తే తుప్పు పడుతుంది."

ఆవిడ తల కొట్టుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. "పొద్దున గరిటెలతో పాటు ఇది కూడా కడిగి బోర్లించాను. ఏమిటిది?"

"వాల్వు. దీని కోసం మంచం కింద దూరి వెతుకుతున్నాను. భలే తళతళలాడుతోందే. రెండోది కూడా కడిగి పెట్టకూడదూ?"

కడిగి పెట్టింది. అదే విచిత్రం. చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసేదావిడ. బడి మూతపడ్డాక ఇంట్లోనే ఉంటోంది. అప్పట్నుంచీ సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూడడమే పని. అలాంటిది ఈ ఇంజను విప్పిన దగ్గర్నుంచీ గొణుగుతూనే గదిలోకి పది మాట్లు వచ్చి పోతోంది. మనవాడు రెండు అరచేతుల మధ్యా పుల్ల పట్టి, వాల్వుని దాని గూట్లో కూర్చోబెట్టి పేస్టు రాసి గిరగిరా తిప్పుతుంటే, కాసేపు చూసి "చేతులు నొప్పెడతాయి, ఇలా ఇవ్వండి" అని తనూ తిప్పింది. సవతిని ముద్దు చేసినట్టుందని మనవాడు నవ్వుకున్నాడు.

ఇక పక్కింటాయన. అందరూ సలహాల బాబాయి అంటారు. తన ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాడు గానీ, పక్కవాళ్ళింట్లో పనికి ఆయన దగ్గర లేని సలహా లేదు. ఇంజను విప్పారని తెలియగానే తన స్టూలు తనే తెచ్చుకుని కూర్చున్నాడు.

"డీజిలు చిమ్మే నాజిల్లో చెత్తుందో లేదో తెలియాలంటే నోటితో ఊదాలి నాయనా."

మనవాడు ఊదాడు. లోపల మిగిలిన డీజిలు నోట్లోకొచ్చింది.

"ఊదమన్నాను గానీ పీల్చమన్నానా?" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రం మనవాడు కాఫీ ఒక గుక్క తాగి మొహం ముడిచాడు. "కాఫీ డీజిలు వాసనొస్తోంది."

"కాఫీ కాదు, మీ మీసం," అంది ఆవిడ.

కొత్త రింగులు పడ్డాయి. వాల్వులు గూట్లో చక్కగా కూర్చున్నాయి. ఇంజను మళ్ళీ ఒక రూపానికొచ్చింది. బిగించేముందు ఆవిడ ఒక షరతు పెట్టింది. "ఇది ఎగిరి నా మీద పడకుండా నేలకి సిమెంటు వేసి బిగించండి. ఆ బెల్టు పట్టా వేసే చక్రం కిటికీ వైపు వద్దు, పొడుగు గోడ వైపుండాలి."

"పట్టా వేసేదెవరు? ఊరికే తిరిగితే చాలుగా."

"చూడ్డానికి బాగుంటుంది," అంది ఆవిడ.

ఇంజను అందం గురించి ఆవిడ మాట్లాడుతోందంటే దారికొస్తోందన్నమాట అనుకుని, మనవాడు చెప్పినట్టే బిగించాడు. అప్పుడైనా అనుమానం రాలేదు.

మిగిలింది టైమింగు.

"అంటే ఏమిటండీ?"

"పిస్టను పైకెళ్తూ గాలిని నొక్కుతుందా, సరిగ్గా పైకి చేరబోయే ముందు డీజిలు చిమ్మాలి. ఒక పిసరు ముందైతే తన్నుతుంది. ఒక పిసరు ఆలస్యమైతే పొగ తప్ప ఏమీ రాదు."

"మిమ్మల్ని సినిమాకి తీసుకెళ్ళమని అడగడం లాంటిదన్నమాట."

"అచ్చం అదే," అన్నాడు మనవాడు, పొగిడిందనుకుని.

డీజిలు పంపు బోల్టులు వదులు చేశాడు. చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ గొట్టం మూతి దగ్గర డీజిలు బొట్టు ఎప్పుడు కదులుతుందో కళ్ళు చికిలించి చూశాడు. సరిగ్గా కదిలిన చోట సుద్దతో గీత పెట్టాడు. అప్పుడే ఆవిడ గుమ్మంలోంచి అంది.

"అటు తిప్పుతారేం? మామయ్యగారు ఇటు కదా తిప్పేవారు, కుడి నుంచి ఎడమకి."

"నీకేం తెలుసు?"

"తెలియకేం? చిన్నప్పుడు మా అమ్మ గోధుమల డబ్బా ఇచ్చి పంపేది. మీ కొట్టు ముందు వరసలో నిలబడి ఎన్నిసార్లు చూశానో."

మనవాడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నువ్వు వచ్చిందెప్పుడో పిండి కోసం. నేను పుట్టిందే అక్కడ. చక్రం ఎడమ నుంచి కుడికి తిరిగేది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది నాకు."

"ఒకసారి కళ్ళు తెరిచి చూడండి."

"బాబాయిగారూ, మీరే చెప్పండి. ఎటు?"

సలహాల బాబాయి గడ్డం గోక్కున్నాడు. "సూక్ష్మంగా ఆలోచిస్తే నువ్వు చెప్పిందీ నిజమే, అమ్మాయి చెప్పిందీ నిజమే." ఆయన జీవితంలో ఇచ్చిన సలహాల్లో ఇదొక్కటే సరైనది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున్న ముహూర్తం. ఇంజను తిప్పే హ్యాండిలు సామాను మార్పిడిలో ఎప్పుడో పోయింది కాబట్టి చక్రానికి మోకు చుట్టి లాగాలని నిర్ణయం. పొగ గొట్టాన్ని కిటికీలోంచి పెరట్లోకి తీశాడు. గాలి పీల్చే మూతి గదిలోకే ఉంది. డీజిలు ఆపే మీటకి స్ప్రింగు దొరకలేదు. దొరక్కపోతేనేం, తీగతో గట్టిగా కట్టేశాడు. "ముందు మొదలవ్వాలి గానీ ఆపడానికేముంది" అన్నాడు.

పెరట్లో బట్టలారేస్తున్న ఆవిడ కిటికీలోంచి చూస్తోంది. చక్రం తేలిగ్గా తిరిగేలా బాబాయి సిలిండరు ఊపిరి వదిలే మీట ఎత్తి పట్టుకున్నాడు. మనవాడు మోకు చుట్టాడు, ఎడమ నుంచి కుడికి. మనసులో నాన్నకి దణ్ణం పెట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

"వదలండి బాబాయిగారూ."

బాబాయి మీట వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి అందుకుంది. నేల అదిరింది, కిటికీ అద్దాలు అదిరాయి, గుడ్ల అట్టలో మిగిలిన రెండు బోల్టులు గెంతాయి. అవి ఎందుకు మిగిలాయని అడిగే తీరిక ఎవరికీ లేదు.

"తిరిగింది, తిరిగింది," అంటూ మనవాడు చిన్నపిల్లాడిలా చిందులేశాడు. ఇంత తేలిగ్గా గెలిచినందుకు ఆవిడ మీద కాస్త జాలి కూడా పడ్డాడు.

అప్పుడు పొగ మొదలైంది. పెరట్లోకి కాదు, గదిలోకి. గాలి పీల్చాల్సిన మూతి నల్లగా, దట్టంగా కక్కడం మొదలెట్టింది. గది నిండింది, వంటిల్లు నిండింది, పడగ్గది నిండింది. సలహాల బాబాయి జన్మలో మొదటిసారి ఏ సలహా ఇవ్వకుండా స్టూలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మనవాడు ఆపే మీట పట్టుకుని పీకాడు. తీగ కట్టడంలో మాత్రం పనితనం అద్భుతం, ఊడలేదు. ఇంజను వేగం ఇంకా పెరిగింది. కటింగ్ ప్లయరు కోసం వెతికాడు, పొగలో చెయ్యి కనపడలేదు. "గాలి ఆపితే ఇంజను ఆగుతుంది" అని ఎక్కడో విన్నది గుర్తొచ్చింది. మంచం మీది దిండు పట్టుకొచ్చి ఆ మూతి మీద అదిమాడు. ఇంజను దిండుని తిరిగి మనవాడి మొహానికే కొట్టింది. మళ్ళీ అదిమాడు. ఈసారి దూదితో సహా కొట్టింది.

పెరట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఏమండీ, మీ ఆఫీసు చొక్కా పొగ గొట్టంలోకి పోతోంది."

"పోతే పోనీ," అని దగ్గాడు మనవాడు.

"అది కాదు నేననేది. పొగ గొట్టం ఊదాలి కదా, పీలుస్తోందేమిటి?"

మనవాడికి ఆ ముక్క తలకెక్కేలోపు ఆవిడకి ఎక్కేసింది. బకెట్లోంచి పిండని తడి దుప్పటి తీసి, గొట్టం మూతికి అడ్డంగా కుక్కి రెండు చేతులా అదిమిపెట్టింది. ఇంజను గుటకలు మింగింది, మూలిగింది, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మనవాడు నేల మీద చతికిలబడ్డాడు. నల్లటి మొహం, దాని మీద అక్కడక్కడా తెల్లటి దూది. ఆవిడ లోపలికొచ్చి ముందు మనిషికి దెబ్బలేమైనా తగిలాయేమోనని ఒళ్ళంతా తడిమి చూసింది. బాగానే ఉన్నాడని తేలాక నోరు విప్పింది.

"వెనక్కి తిప్పారు దాన్ని. ఊదాల్సిన చోట పీల్చి, పీల్చాల్సిన చోట ఊదింది."

"వెనక్కో ముందుకో," అన్నాడు మనవాడు. "తిరిగిందా లేదా? పందెం నాదే."

"ఇలాంటి తిరుగుడు నాకొద్దు. మామయ్యగారి చేతిలో తిరిగినట్టు తిరగాలి. లేకపోతే రేపే ఇనుముకి."

"అలాగే తిప్పానే."

ఆవిడ పాత చాకు తెచ్చింది. ఏటా నాన్న వేసిన పచ్చరంగు పొరలు పొరలుగా పేరుకుపోయిన చక్రం అంచుని గోకింది. రంగు కింద ఇనుములోనే పోతపోసిన బాణం గుర్తు బయటపడింది. అది కుడి నుంచి ఎడమకి చూపిస్తోంది.

మనవాడు ఆ బాణాన్ని వేలితో తడిమాడు. అంటే ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని తను చూసుకున్నది అబద్ధమా. నాన్న గురించి మిగిలింది ఆ ఒక్క జ్ఞాపకమే, అదీ తప్పేనా. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సంగతి ఆవిడ చూసింది. చెయ్యి పట్టుకుని లేపి, ఇంజను చుట్టూ తిప్పి అవతలి పక్కకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

"మిమ్మల్ని నిలబెట్టింది వెనక తలుపు దగ్గర కదా. ఇప్పుడు చూడండి, చక్రం ఎటు తిరగాలి?"

మనవాడు ఇంజను మీదుగా వంగి అవతలి చక్రం అంచు మీది బాణాన్ని చూశాడు. ఇక్కణ్ణుంచి అది ఎడమ నుంచి కుడికి వెళ్తోంది. తను చూసింది నిజమే. ఆవిడ చూసిందీ నిజమే. ఒకే ఇంజనుకి అటొకరు, ఇటొకరు నిలబడి చూశారంతే.

"ముక్కు తుడుచుకుంటూ తలుపు చాటు నుంచి నన్నే చూసేవారు. గుర్తులేదనుకున్నారా?" అంది ఆవిడ.

"నేను ఇంజన్ని చూసేవాణ్ణి," అన్నాడు మనవాడు. మసి పట్టిన మొహం కాబట్టి సిగ్గుపడ్డాడో లేదో తెలియలేదు.

మళ్ళీ పంపు వదులు చేశారు. ఈసారి చక్రం ఆవిడ తిప్పింది, కుడి నుంచి ఎడమకి. మనవాడు బొట్టు మీద కన్నేసి "ఆగు" అన్నచోటల్లా ఆగింది. "కొంచెం వెనక్కి" అంటే వెనక్కి. పెళ్ళయ్యాక ఆవిడ తను చెప్పినట్టు విన్నది ఇదే మొదలని మనవాడు తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. ఆపే మీటకి కట్టిన తీగ కోసేసి, తలుపు తెర స్ప్రింగు పీకి తగిలించింది. మిగిలిన రెండు బోల్టులు ఎక్కడివో కూడా ఆవిడే కనిపెట్టింది. ఇప్పుడు ఊపిరి మీట ఎత్తి పట్టుకోవడం కూడా ఆవిడే. మనవాడు మోకు లాగాడు.

ఒకసారి దగ్గి, అందుకుంది. ధడ్, ధడ్, ధడ్. పొగ బుద్ధిగా పెరట్లోకి పోయింది. వేగం తనంతట తనే సర్దుకుని ఒక నడక మీదకొచ్చింది. అదే చప్పుడు. గోనెసంచుల మీద పడుకుని విన్న చప్పుడే. మనవాడు చక్రం ముందు కదలకుండా నిలబడిపోయాడు. నాన్న ఇప్పుడే చేతులు తుడుచుకుంటూ ఇవతలికొస్తాడేమో అనిపించింది. రాడని తెలుసు. అయినా అలా నిలబడి ఉండాలనిపించింది.

"పొగ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఇప్పుడు పొగెక్కడుందండీ," అంది ఆవిడ, తన కొంగుతో అతని మొహం తుడుస్తూ.

కాస్త తేరుకున్నాక మనవాడికి పందెం గుర్తొచ్చింది. మీసానికి అంటుకున్న దూది తీసేసి మెలేశాడు. "గది ఇంజనుది. నీ మిషన్లు వరండాలో."

"మాటంటే మాటే. గది ఇంజనుదే," అంది ఆవిడ.

అంతలో వీధిలో బండి ఆగిన చప్పుడైంది. పాత ఇనుమాయన. మనవాడు ఒక్క ఉదుటున వెళ్ళి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "తిరిగిందయ్యా, తిరుగుతోంది. వినపడ్డంలే? ఇంజను ఇచ్చేది లేదు."

"ఇంజను నాకెందుకు బాబూ," అన్నాడు ఇనుమాయన. "అమ్మగారు అడిగిన మర రాళ్ళు దొరికాయి. పట్టా కూడా తెచ్చాను. ఎక్కడ దింపమంటారు?"

మనవాడు బండి వంక చూశాడు. గుండ్రటి రాళ్ళు రెండు. ఆవిడ వంక చూశాడు. నిమ్మకి నీరెత్తినట్టు నిలబడి ఉంది.

"పొడుగు గోడ పక్కన దింపించండి. కొలిచే ఉంచాను," అంది.

"మరి కుట్టు మిషన్లు?"

"నాకు కుట్టడమెక్కడ వచ్చండీ?"

మనవాడు అప్రయత్నంగా తన చొక్కా గుండీ పట్టుకుని చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఊడిన గుండీలు ఎవరు కుట్టారు? వీధి చివర దర్జీ కుట్టాడు. ఆ సంగతి మనవాడికే తెలియదు.

"బడి మూశాక ఆ కిటికీ దగ్గర కూర్చుని కూర్చుని పిచ్చెక్కేది నాకు," అంది ఆవిడ, ఈసారి నవ్వకుండా. "రోజూ చూసేదాన్ని, ఈ వీధి ఆడవాళ్ళంతా గోధుమలు మోసుకుని పెద్ద బజారు దాకా వెళ్ళొస్తారు. ఇంట్లో చూస్తే ఇంజనుంది. నాకూ ఒక పని కావాలి కదండీ."

"ఆ మాట నాతో అంటే నేనే చేసిపెట్టేవాణ్ణిగా."

"అనలేదా? మర పెట్టుకుందామని ఎన్నిసార్లన్నాను? అన్నప్పుడల్లా చేద్దాం చేద్దామన్నారు. అమ్మేస్తానన్నాను, నెల తిరక్కుండా చేశారు."

మనవాడు తేలు కుట్టిన దొంగలా వెళ్ళి బండి మీది రాయికి ఒక పక్క చెయ్యి వేశాడు. గోడ అవతల్నుంచి సలహాల బాబాయి తల పైకి లేచి, రాయి ఎలా పట్టుకోవాలో చెప్పడం మొదలెట్టింది.

మర పెట్టేశారు. ఇప్పుడు సెలవురోజుల్లో మనవాడు పొద్దున్నే లేచి ఇంజను వేసి, పిండి కొట్టుకుపోయిన కనుబొమలతో డబ్బాలు అందిస్తుంటాడు. ఆవిడ ముందు కూర్చుని అందర్నీ పలకరిస్తూ, పిల్లల్ని ఎక్కాలడుగుతూ ఉంటుంది. ఆ చప్పుడులో ఇద్దరూ అరుచుకుంటూనే మాట్లాడుకోవాలి. కొత్తవాళ్ళు పోట్లాడుకుంటున్నారనుకుంటారు.

మొన్న మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఆవిడ తింటూ తింటూ, చాలా మామూలుగా అంది.

"ఏమండీ, ఆ స్నానాలగది తలుపు గడియ ఊడిపోయింది చూశారా. దాన్ని మాత్రం మీరు ముట్టుకోకండి. అలా ఉంటేనే నాకు బాగుంది."

మనవాడు తినడం ఆపి ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు. ఈసారి అనుమానం వేళకే వచ్చింది. అంతా అర్థమైంది. అర్థమైందని ఆవిడకీ అర్థమైంది.

లేచి చెయ్యి కడుక్కుని, స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టానా అని వెతకడం మొదలెట్టాడు.